కురిసుమల కొండమీద: ప్రార్థన, పాడి

గుంటూరు ప్రాంతపు కతోలిక కుటుంబాల్లో పుట్టినవాళ్ళకు సన్యాస సభ అనగానే ఒక బడో ఆసుపత్రో గుర్తుకొస్తుంది. 1904లో హాలెండు నుంచి గుంటూరు వచ్చిన జె.ఎం.జె. (జీసస్, మేరీ, జోసెఫ్ సభ) సిస్టర్లు మా అమ్మమ్మ తరానికి పురుళ్ళ వార్డులో పరిచయమైతే, జెస్విట్లు మా తరానికి విజయవాడ లొయోలా కాలేజీ సీట్ల కోసం తిరిగినప్పుడు పరిచయమయ్యారు. మా పెద్దత్త కూడా ఒక సభలో చేరి, జీవితమంతా మిషను ఆసుపత్రుల్లో నర్సుగా గడిపి, ఇప్పుడు వయసు మళ్ళిన సిస్టర్లుండే ఇంట్లో విశ్రాంతి తీసుకుంటోంది. కేరళలో వాగమన్ దగ్గర కురిసుమల అనే కొండమీద ఒక ఆశ్రమం ఉందని, అక్కడి మఠవాసులు రోజుకు ఏడుసార్లు ప్రార్థన చేస్తూ, ఆవుల్ని పెంచుకుంటూ బతుకుతారని, వాళ్ళకు పేరున్న బడిగాని ఆసుపత్రిగాని లేదని విన్నప్పుడు నాకు కలిగిన కుతూహలంలో అనుమానం పాలే ఎక్కువ. పెద్దత్తకు చెబితే నవ్వింది. "మేం పొద్దున్నే లేచి వార్డులకు పరుగెత్తేవాళ్ళం. వాళ్ళు మాకంటే ముందు లేచి ఎక్కడికీ పరుగెత్తరట. ఏం చేస్తారో వెళ్ళి చూసిరారా" అంది.

మార్గశిరంలో గుంటూరులో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పెట్టెలో సగం మంది అయ్యప్ప స్వాములే ఉంటారు. ఇరుముళ్ళు పై బెర్తుల మీద, శరణుఘోష కింద. నేను కూడా కొండకే వెళుతున్నానని చెబితే పక్క సీటులోని గురుస్వామి, మాల లేకుండా ఏ కొండకని అడిగాడు. సిలువ కొండకని చెప్పాను. కురిసు అంటే మలయాళంలో సిలువ అని ఆయనకు ముందే తెలుసు, ఏటేటా ఆ దారినే తిరిగే మనిషి కదా. మరునాడు మధ్యాహ్నం దాటాక కొట్టాయంలో నేను దిగిపోయాను, ఆయన బృందం చెంగన్నూరుకు సాగింది.

కొట్టాయం నుంచి వాగమన్ వెళ్ళే బస్సు పాలా, భరణంగానం, ఈరాట్టుపేట మీదుగా పోతుంది. భరణంగానంలో దిగకుండా పోవడం నావల్ల కాలేదు. భారతదేశపు మొదటి మహిళా పునీతురాలు అల్ఫోన్సమ్మగారి సమాధి అక్కడే ఉంది. 1910లో పుట్టి, ఫ్రాన్సిస్కన్ క్లారిస్టు సభలో చేరి, 1946లో 36 ఏళ్ళు నిండకుండానే కన్నుమూసిన ఆమెకు 2008 అక్టోబరు 12న రోములో పునీత పట్టం ఇచ్చారు. చెప్పుకోదగ్గ సంస్థ ఏదీ ఆమె స్థాపించలేదు. కొంతకాలం చిన్నపిల్లలకు పాఠాలు చెప్పింది, మిగిలిన కాలమంతా జబ్బుతో మఠంలో మంచం మీదే గడిచింది. ఆమె సమాధి మందిరంలో మోకరించిన వాళ్ళలో కూలిపనికి పోయే ఆడవాళ్ళు, యూనిఫాం వేసుకున్న బడిపిల్లలు ఎక్కువగా కనిపించారు. సేవ చేసినవాళ్ళనే జనం గుర్తుపెట్టుకుంటారన్న నా లెక్క మొదటిసారి తప్పింది అక్కడే. ఆ సంగతి నాకు బోధపడింది మాత్రం తర్వాత, కొండ ఎక్కాక.

తీకోయి దాటాక రాతికొండ పక్కగా చెక్కిన దారి మొదలవుతుంది. ఒక పక్క నిలువెత్తు బండ, ఇంకో పక్క లోయ, మధ్యలో ఎదురొచ్చే బస్సుకు దారివ్వడానికి మన బస్సు వెనక్కి నడవడం. పైకి చేరాక గాలి మారిపోతుంది. పచ్చికబయళ్ళు, తేయాకు తోటలు, పైన్ చెట్లు, వాటి మీదుగా కదిలే మంచు. వాగమన్‌ను మూడు కొండల ఊరని చెబుతారు. ముస్లింలకు తంగల్ పార, హిందువులకు మురుగన్ కొండ, క్రైస్తవులకు కురిసుమల. పర్యాటకులు ఫొటోలకు ఆగే చోట్లను వదిలేసి కొంత దూరం పోతే ఆశ్రమం గేటు వస్తుంది. అతిథుల్ని చూసుకునే బ్రదర్ కావి లుంగీతో, కావి చొక్కాతో, చెప్పులు లేని కాళ్ళతో ఎదురొచ్చి, ముందు ఒక గ్లాసు వేడి పాలిచ్చి, ఆ తర్వాతే పేరు అడిగాడు. మఠానికి వచ్చిన అతిథిని క్రీస్తునే చేర్చుకున్నట్టు చేర్చుకోవాలని పునీత బెనెడిక్టు ఆరో శతాబ్దంలో రాసిన నియమావళి 53వ అధ్యాయం చెబుతుంది. ఆ నియమావళిని అనుసరించే మఠాల్లో అతిథి గృహం లేని మఠాన్ని ఊహించలేం.

ఈ చోటు కథ బెల్జియంలో మొదలైంది. 1912లో పుట్టిన ఫ్రాన్సిస్ మాహ్యూ అక్కడి స్కూర్మాఁ మఠంలో, బెనెడిక్టు నియమావళినే పాటించే సిస్టర్షియన్ సభ సన్యాసి, కొత్తగా చేరినవాళ్ళకు శిక్షణ ఇచ్చే గురువు. చిమే పేరుతో లోకమంతా అమ్ముడుపోయే బీరు, జున్ను ఆ మఠానివే. అలాంటి చోటు వదిలి 1955లో ఆయన భారతదేశం వచ్చారు. అదే ఏడాది ఇంగ్లండు నుంచి వచ్చిన బెనెడిక్టైన్ సన్యాసి బీడ్ గ్రిఫిత్స్ ఆయనకు తోడయ్యారు. తిరువల్ల బిషప్పు ఆహ్వానం మీద 1958లో ఇద్దరూ ఈ కొండమీద, పేడతో అలికిన నేల ఉన్న పాకలో ఆశ్రమం పెట్టారు. బీడ్ గ్రిఫిత్స్ 1968లో తమిళనాడులో కావేరి ఒడ్డునున్న శాంతివనానికి వెళ్ళిపోయారు. ఫ్రాన్సిస్ ఆచార్యగా పిలిపించుకున్న మాహ్యూ మాత్రం ఇక్కడే ఉండిపోయి, భారత పౌరసత్వం తీసుకుని, 2002లో కన్నుమూశారు. ఆశ్రమం సిస్టర్షియన్ సభలో లాంఛనంగా చేరింది 1998లో, అంటే పుట్టిన 40 ఏళ్ళకు. అంతకాలం ఏ సభ పేరూ తగిలించుకోకుండా సభ నియమాన్ని పాటించారన్నమాట. ఇంతకన్నా విచిత్రం ఇంకోటుంది. యూరపులో అప్పట్లో లాటిన్‌లో ప్రార్థించే సభకు చెందిన వీళ్ళు ఇక్కడ కేరళలోని మలంకర కతోలిక సంఘపు అంతియొకయ, అంటే పశ్చిమ సిరియా, ఆరాధన క్రమాన్ని స్వీకరించారు.

ఆ ఆరాధనలో దినం సాయంత్రంతో మొదలవుతుంది. సూర్యాస్తమయ వేళ రంశో, పడుకునే ముందు సూతోరో, రాత్రి లిల్యో, పొద్దున సప్రో, ఆ పైన పగటి గడియల ప్రార్థనలు. తెల్లవారుజామున నాలుగింటికి ముందే గంట మోగినప్పుడు, రెండు కంబళ్ళ కింద నుంచి లేవడానికి నాకు ధ్యానం కంటే మొహమాటమే ఎక్కువ ఉపయోగపడింది. దేవాలయంలో బెంచీలు లేవు. నేలమీద చాపలు, ఒక నూనె దీపం, సాంబ్రాణి పొగ. మఠవాసులు రెండు వరుసలుగా ఎదురెదురుగా కూర్చుని, ఒక వరుస కీర్తనలో ఒక పాదం పాడితే ఇంకో వరుస తరువాతి పాదం అందుకుంటుంది. మధ్యమధ్య అందరూ లేచి, నుదురు నేలకు ఆనేలా వంగుతారు. నాలుగో శతాబ్దంలో పునీత ఎఫ్రేము సిరియాక్ భాషలో కట్టిన పాటలు మలయాళంలోకి మారి ఇక్కడ మోగుతున్నాయి. ఆ ప్రార్థనల భారీ సంకలనాన్ని సిరియాక్ నుంచి ఇంగ్లీషులోకి తేవడానికి ఫ్రాన్సిస్ ఆచార్య ఏళ్ళ తరబడి శ్రమించారు. నాకు మలయాళం అరకొరగా వచ్చు, సిరియాక్ అసలే రాదు. అయినా 'కురియేలాయిసోన్' (ప్రభూ, కరుణించు) అని మూడుసార్లు వినిపించేసరికి, మా విచారణ (పారిష్) గుడిలో చిన్నప్పుడు జ్ఞానోపదేశం క్లాసుకు ముందు గొంతు చించుకుని పలికిన మాటే ఇదని పోల్చుకున్నాను.

ప్రార్థన అయ్యాక గొడ్ల చావడికి వెళ్ళాను. ఆశ్రమం బతికేది ఈ చావడి మీదే. చేతుల కష్టంతో బతికినప్పుడే సన్యాసులు నిజమైన సన్యాసులన్న నియమం ఉండనే ఉంది, గడ్డి తప్ప మరేదీ సులువుగా పండని ఈ వాలు నేలలో దానికి దొరికిన దారి పాడి ఒక్కటే. జెర్సీ ఆవులు వరుసగా కట్టేసి ఉన్నాయి. ఇందాక దేవాలయంలో ధూపం వేసిన ఆయనే ఇప్పుడు లుంగీ ఎగకట్టి, తలకు తువ్వాలు చుట్టి, గోరువెచ్చని నీళ్ళతో ఒక ఆవు పొదుగు కడుగుతున్నాడు. ఆవు చేపేదాకా దాని డొక్క నిమురుతూ నిలబడ్డాడు. మొదటి నాలుగు ధారలు వేరే గిన్నెలోకి పిండి, గడ్డలేమైనా ఉన్నాయేమోనని దీపం కింద చూసి, అప్పుడు బిందె కింద పెట్టాడు. పక్కన ఇంకో యువకుడు పేడ ఎత్తుతున్నాడు, ఇంకొకరు కోసిన పచ్చగడ్డి మోపులు దించుతున్నారు. ఎవరూ మాట్లాడరు, అలాగని మౌనంగా ఉన్నామన్న బింకమూ లేదు. ఒక కోడెదూడ తాడు తెంపుకుని కాన్ల మీద పడబోతే ముగ్గురూ ఒకేసారి మలయాళంలో అరిచారు.

పాడి మొదలైన రోజుల్లో ఈ చుట్టుపక్కల మేలుజాతి ఆవుల్ని సాకడం ఎవరికీ పెద్దగా తెలియదట. ఆశ్రమం నుంచి దూడలు తీసుకుని, ఇక్కడే మేపు, జబ్బులు, పాలు చల్లబరచడం గురించి నేర్చుకుని, ఇప్పుడు కొండ కింద ఎన్నో ఇళ్ళు పాలమీద బతుకుతున్నాయని ఇందాక పాలు పితికిన పెద్ద బ్రదర్ చెప్పాడు. పాలు పోయడానికి వచ్చిన ఒక ముసలి రైతు ఆ మాటకు తలూపి, తన తండ్రి కాలంలో ఇక్కడ గడ్డి తగలబెట్టడం తప్ప ఇంకేం లేదని అన్నాడు. ఆశ్రమం దీన్ని సేవా పథకమని పిలవదు. తమ పొట్టపోసుకోవడానికి చేసే పనిని పక్కవాళ్ళకు దాచకుండా నేర్పడమే వాళ్ళ లెక్కలో సేవ.

భోజనశాలలో నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటాం. క్రిస్మసుకు ముందు 25 రోజుల నోంబు (ఉపవాస దీక్ష) నడుస్తోంది కాబట్టి తిండి ఇంకా సాదాగా ఉంది. మట్ట బియ్యపు గంజి, ఉడికించిన పెసలు, కొబ్బరి వేసిన చట్నీ. మాంసం మాట ఏ కాలంలోనూ లేదు. అందరూ తింటుంటే ఒకరు పుస్తకం చదువుతారు, చదివినాయన ఆఖర్న తింటాడు. వడ్డించే వంతు వారం వారం మారుతుంది, పెద్ద చిన్న తేడా లేదు. తిన్న కంచం ఎవరిది వాళ్ళే కడుక్కోవాలి. నా కంచం నా చేతిలోంచి తీసుకోబోయిన కుర్రవాడిని ఆశ్రమానికి ఇప్పటి పెద్ద అయిన ఆచార్యులవారు కళ్ళతోనే వారించారు, అతిథి మర్యాద అంతవరకేనన్నమాట.

మధ్యాహ్నం విశ్రాంతి వేళ అతిథుల బ్రదర్‌ను నేను తిన్నగానే అడిగాను.

"ఒకే కొండమీద ఇంతమంది చచ్చేదాకా ఉండాలి కదా బ్రదర్, గొడవలు రావా?"

"రాకేం, చేట్టా (అన్నా)! నా పక్కన పాడే ఆయన శ్రుతి తప్పుతాడు. రోజూ తప్పుతాడు. రోజూ అదే పాదం దగ్గర తప్పుతాడు. వేరే సభలో అయితే ఐదేళ్ళకో ఆరేళ్ళకో ఆయనకో నాకో బదిలీ వచ్చేది. ఇక్కడ రాదు."

నవ్వుతూ అన్నా, అందులో ఈ సభ మూలసూత్రం ఉంది. మా పెద్దత్త సభలో పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అని మూడు వ్రతాలు. అవసరాన్ని బట్టి సిస్టర్లను ఈ ఊరి నుంచి ఆ ఊరికి పంపుతారు, అసలు వాళ్ళ సేవ నడిచేదే ఆ బదిలీల మీద. బెనెడిక్టు నియమావళిని పాటించేవాళ్ళు స్థిరవాసమని ఇంకో వ్రతం పడతారు. చేరిన మఠంలోనే, ఆ మనుషుల మధ్యే, చివరిదాకా ఉంటామని. తపస్సుకాలం (ఈస్టరుకు ముందటి ఉపవాస దినాలు) మొదటి సోమవారం శుబ్‌కోనో అనే ఆరాధన ఉంటుందని కూడా ఆయన చెప్పాడు. ఆ రోజు ఒక్కొక్కరూ ఒక్కొక్కరి ముందు వంగి క్షమాపణ అడిగి, సమాధానం, అంటే శాంతి, ఇచ్చిపుచ్చుకుంటారు. ఎదుటివాడి ముందు వంగేసరికి ఏడాదిలో అతన్ని విసుక్కున్నవన్నీ వరసగా గుర్తొస్తాయట. కొండమీద అతి కష్టమైన పని పేడ ఎత్తడం కాదు, అదేనని అన్నాడు.

కావి బట్టల గురించి నాకు ఇప్పటికీ రెండు మనసులున్నాయి. హిందూ సన్యాసి వేషం అరువు తెచ్చుకున్నారని కొందరు హిందువులు, క్రైస్తవాన్ని పలచన చేశారని కొందరు కతోలికులు వీళ్ళను విమర్శిస్తూనే ఉన్నారు. రెండు వాదాల్లోనూ కొంత నిజముంది. కాని వేషం కోసమే అయితే ఆరు దశాబ్దాలు దాటి తెల్లవారుజామున ఎవరూ లేవరు. పైగా ఆ కొండమీద అన్నిటికన్నా దూరం నుంచి వచ్చినది కావి కాదు, సిరియాక్ పాట. దాన్ని మాత్రం ఎవరూ పరాయిదనరు, కేరళలో దానికి శతాబ్దాల ఊరు ఉంది.

అతిథి గృహంలో నాతోపాటు ఉన్నవాళ్ళలో వడకానికి (కొన్నాళ్ళు ఏకాంత ధ్యానంలో గడపడానికి) వచ్చిన ఇద్దరు గురువులు (ఫాదర్లు), కొచ్చి నుంచి వచ్చిన ఒక కంప్యూటర్ ఇంజనీరు, భార్య పోయిన దుఃఖంలో ఉన్న ఒక రిటైర్డు ఉపాధ్యాయుడు ఉన్నారు. ఆ ఉపాధ్యాయుడు క్రైస్తవుడు కాదు. ఆయన్ని ఎవరూ ఏదీ అడగలేదు, ఏదీ బోధించలేదు. పొద్దుటి పూట చావడిలో గడ్డి వేసే పని మాత్రం ఒప్పజెప్పారు. పెద్దత్తకు ఫోన్ చేసి ఈ సంగతి చెబితే కాసేపు ఊరుకుని, "మా దగ్గర అలాంటివాళ్ళకు మాత్ర ఇచ్చి పంపేవాళ్ళం, మాకు తీరికెక్కడిది" అంది. వార్డు పనిని ఆమె తక్కువ చేసుకోలేదు, నేనూ చేయను. రాత్రి రెండింటికి నొప్పులొచ్చిన తల్లికి కావలసింది సిస్టరమ్మే, కీర్తన పాడే మఠవాసి కాదు. ఆ ఉపాధ్యాయుడికి కావలసింది మాత్రం ఏ వార్డులోనూ దొరకదు.

వెళ్ళాలనుకునేవారు ముందుగా ఆశ్రమానికి రాసి, అనుమతి వచ్చాకే బయలుదేరాలి. ఇది హోటలు కాదు, ప్రార్థన వేళలూ మౌనం వేళలూ అతిథులకూ వర్తిస్తాయి. మంచి శుక్రవారం (గుడ్ ఫ్రైడే) నాడు సిలువలు మోసుకుంటూ వేలమంది పద్నాలుగు స్థలాల సిలువ మార్గం చేస్తూ కొండ ఎక్కుతారు కాబట్టి, నిశ్శబ్దం కోసం వచ్చేవాళ్ళు ఆ వారం మానుకోవడం మంచిది. డిసెంబరు, జనవరి నెలల్లో ఉన్ని బట్టలు తప్పనిసరి. వర్షాకాలంలో ఈరాట్టుపేట దారిలో కొండచరియలు విరిగిపడుతుంటాయి, బస్సులు నడుస్తున్నాయో లేదో కొట్టాయంలోనే కనుక్కుని ఎక్కాలి.