చేతి కింద ఒక్కరూ లేని మేనేజర్

సెలవు మీద వరంగల్ వచ్చిన ప్రతిసారీ చుట్టాలు అడిగే ప్రశ్న ఒకటుంది. "అమెరికాల మేనేజర్‌వంట గదా, నీ కింద ఎందరు పనిచేస్తరు?" ఒక్కరూ లేరంటే హన్మకొండలో ఎవరూ నమ్మరు. నేను కోడ్ రాయను, డిజైన్ గీయను, అమ్మకాలకు తిరగను. ఆ పనులు చేసేవాళ్లు ఏది ముందు చేయాలి, ఏది పక్కన పెట్టాలి అన్నది తేల్చడమే నా పని. ఇంజినీర్లకు వేరే బాస్ ఉంటాడు, డిజైనర్లకు వేరే బాస్ ఉంటాడు. ఎవరి అప్రైజలూ నా చేతిలో ఉండదు. ప్రొడక్ట్ మేనేజర్ అంటే ఇంతే.

ఈ ఉద్యోగం పుట్టిందే ఒక కాగితం మీద. 1931లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీలో కేమే సబ్బు ప్రకటనలు చూసే నీల్ మెకెల్‌రాయ్, ఒక్కో బ్రాండ్ మంచిచెడ్డలన్నీ చూసుకోవడానికి విడిగా మనుషులు కావాలని మూడు పేజీల మెమో రాశాడు. మా ఉద్యోగానికి మూలం అదేనంటారు. ఆయన తర్వాత అమెరికా రక్షణ మంత్రి కూడా అయ్యాడు. ఈ సంగతి చెప్పాక మా బాబాయికి నా ఉద్యోగం మీద కాస్త గురి కుదిరింది.

మన పిల్లలు యూట్యూబ్ చూసి, ఈ ఉద్యోగానికి నేర్చుకోవాల్సినవంటూ ఎజైల్ (పనిని చిన్న ముక్కలుగా చేసే పద్ధతి), రోడ్‌మ్యాప్ (ఏది ఎప్పుడు చేయాలో చెప్పే పట్టిక), ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ భాష) అని పెద్ద జాబితా తయారు చేసుకుంటున్నారు. అవన్నీ కూర్చుని నేర్చుకుంటే వచ్చేవే. ఎదుటివాడు అడిగినదాని వెనక అసలు ఇబ్బంది ఏముందో పట్టుకోవడం మాత్రం అలా రాదు.

మాది గోదాముల్లో సరుకు లెక్క చూసే సాఫ్ట్‌వేర్. సియాటెల్ దగ్గర కెంట్‌లో ఒక కోల్డ్ స్టోరేజీ వాళ్లు మాటిమాటికీ ఒకటే అడిగేవాళ్లు, స్కానర్ తెర మీద 'ఓకే' బటన్ పెద్దది చేయమని. అరపూట పని. చేసేసి చేతులు దులుపుకోవచ్చు. నేను వెళ్లి ఒక షిఫ్ట్ అంతా వాళ్ల వెనకే నిలబడ్డాను. లోపల గడ్డకట్టే చలి, అందరి చేతులకూ మందపాటి గ్లవుజులు. పెట్టె స్కాన్ చేశాక తెర నొక్కాలి. గ్లవుజుతో ఎంత నొక్కినా అది పలకదు. అందుకని కుడిచేతి గ్లవుజు పళ్లతో లాగడం, వేలితో నొక్కడం, మళ్లీ తొడుక్కోవడం. ప్రతి పెట్టెకూ ఇదే తంతు. బటన్‌ను అరచెయ్యంత చేసినా వాళ్ల బాధ తీరేది కాదు. చివరికి బటనే తీసేశాం. స్కాన్ సరిగ్గా పడితే బీప్ కొట్టి తనంతట తనే ముందుకు పోతుంది, లెక్కలో తేడా వస్తేనే ఆగి అడుగుతుంది. ఇంజినీర్లను ఒప్పించడానికి నేను పెద్దగా మాట్లాడింది కూడా లేదు. అక్కడివాళ్లను అడిగి తీసుకున్న అరనిమిషం వీడియో చూపించాను, పళ్లతో గ్లవుజు లాగుతున్నది.

మా నాన్న ఎనుమాముల మార్కెట్లో దడ్వాయి, మిర్చి బస్తాలు తూచేవాడు. రైతుకేమో సరుకు అమ్మించే అడ్తీదారు మీద అనుమానం, ఖరీదుదారుకేమో తరుగు మీద పేచీ. ఇద్దరిలో ఎవరి మీదా నాన్నకు పెత్తనం లేదు. అయినా కాంటా దగ్గర ఆయన చదివిన అంకెకు ఇద్దరూ ఊకొట్టేవాళ్లు, ఎందుకంటే ముల్లు నిలిచేదాకా ఆయన నోరు తెరిచేవాడు కాదు. ఆఫీసులో నాకున్న పరపతి కూడా ఆ మాత్రమే.

మనవాళ్లకు అసలు చిక్కు ఇంకోచోట ఉంది. ఈ పనిలో సగం 'ఇది ఇప్పుడు వద్దు' అనడమే. కంపెనీ ఉద్యోగాన్ని పట్టుకుని ఉండే హెచ్‌1బీ వీసా మీద ఉన్నవాడు డైరెక్టర్‌తో ఆ మాట అనాలంటే టెన్షన్ మామూలుగా ఉండదు. ఉద్యోగం పోతే మహా అయితే 60 రోజులు. ఆలోపు ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదంటే వీసా రకం మార్చుకోవాలి, అదీ కుదరకపోతే పెట్టె సర్దుకోవాలి. ఇంటి లోను, బడికి పోయే పిల్లలు, గ్రీన్ కార్డు లైను అన్నీ ఆ జీతం మీదే ఆధారపడి ఉంటాయి. దాంతో తెలివిలో ఎవరికీ తీసిపోనివాళ్లు కూడా అన్నిటికీ తలూపుతారు. తీరా ఏదీ సమయానికి పూర్తికాకపోతే అప్పుడు తప్పు వాళ్లదే అవుతుంది. దీన్ని పిరికితనం అనడానికి నాకు నోరు రాదు.

నేను పట్టుకున్న దారి ఏమిటంటే, వద్దని నోటితో అనకుండా రాసి ఇవ్వడం. మా డైరెక్టర్ ఒకసారి ఏదో ట్రేడ్ షో చూసొచ్చి, స్కానర్‌తో మాట్లాడే సదుపాయం వెంటనే పెట్టాలన్నాడు. ఆ రాత్రే ఒక పేజీ రాశాను. గోదాములో ఫ్యాన్ల హోరు, ఫోర్క్‌లిఫ్టుల కూతలు, పనివాళ్లలో చాలామంది మాట్లాడేది స్పానిష్. ఇది మొదలుపెడితే తిరిగొచ్చిన సరుకు లెక్కల పని ఆగుతుంది, దాని కోసం ఎదురుచూస్తున్న కస్టమర్ల పేర్లు ఇవీ. కింద రెండు దారులు రాసి, ఏది కావాలో మీరే చెప్పండన్నాను. చదివి, తర్వాతి క్వార్టర్‌లో, అంటే వచ్చే మూడు నెలల్లో చూద్దామన్నాడు. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన నాలాంటివాడికి రాత ఇంకో మేలు కూడా చేస్తుంది. మీటింగులో గబగబా మాట్లాడేవాళ్ల మధ్య మన యాస వెనకబడుతుంది. కాగితానికి యాస ఉండదు. అమెజాన్ 2004లో కంపెనీ పైస్థాయి అధికారుల మీటింగుల్లో పవర్‌పాయింట్ ఆపేసి మెమోలు పెట్టింది. మొదట అందరూ కూర్చుని మౌనంగా చదువుతారు, ఆ తర్వాతే మాటలు. అక్కడ పనిచేసే మనవాళ్లు ఆరు పేజీలు రాయాలని గొణుగుతుంటారు గానీ, నాకైతే అది వరంలా కనిపిస్తుంది.

కాలేజీ నుంచి నేరుగా ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లు తక్కువ. గూగుల్ 2002లో అలాంటి కుర్రవాళ్ల కోసమే ఒక కార్యక్రమం మొదలుపెట్టింది, కానీ అందులో సీట్లు బహు తక్కువ. ఎక్కువమంది టెస్టింగ్ నుంచో, కోడింగ్ నుంచో, సపోర్ట్ నుంచో వస్తారు. హైదరాబాద్‌లో సపోర్ట్ ఉద్యోగం వచ్చిందని ముఖం చిన్నబుచ్చుకున్న మా మేనల్లుడికి ఒకటే చెప్పాను, టికెట్, అంటే కస్టమర్ పంపిన ఫిర్యాదు, మూసేముందు ఆ కస్టమర్‌కు ఒకసారి ఫోన్ చేసి, ఆ సమయానికి అతను ఏం పనిలో ఉన్నాడో అడగమని. "మా టీంల గట్ల ఎవ్వరు చెయ్యరు మామా" అన్నాడు. కస్టమర్ అసలు ఇబ్బంది తెలిస్తే ఏది అక్కర్లేదో కూడా తెలుస్తుంది, ఇంటర్వ్యూల్లో నేను అడిగే మొదటి ప్రశ్నకు జవాబు వాడికి అక్కడే దొరుకుతుంది. నువ్వు చేయకుండా ఆపించిన ఫీచర్ ఒకటి చెప్పు, ఎందుకు ఆపించావో చెప్పు అంటాను.