నాన్నతో జాన్సన్ రాంచ్‌కి

నాన్న టెక్సస్‌లోని ఆస్టిన్ వచ్చి అప్పటికి నెల. గుడి అయింది, మాల్స్ అయ్యాయి, ఇంకేం చూపించాలో తోచక ఏప్రిల్‌లో ఓ శనివారం బ్లూబానెట్ పూలు చూద్దామని 290 రోడ్డు మీద పడమరకి తీసుకెళ్లాను. దారిలోనే అమెరికా మాజీ ప్రెసిడెంటు లిండన్ జాన్సన్ రాంచ్, అంటే ఆయన పశువుల ఫారం, ఉంది కదా, అదీ ఓసారి చూసేద్దాం అనుకున్నా.

పేరు వినగానే నాన్న సీట్లో నిటారుగా కూర్చున్నాడు. "జాన్సనా? మా బడిలో పెట్టిన అమెరికా గోధుమనూక ఉప్మా ఈయన హయాంలోదే!"

ఉచితంగా పర్మిట్ ఇస్తారు, మన కారులోనే రాంచ్ అంతా తిరగొచ్చు. పక్కనే పెడర్నాలెస్ నది, మన లెక్కలో వాగు. 1908లో ఆయన పుట్టిన ఇల్లు తర్వాత కూల్చేస్తే, 1964లో ప్రెసిడెంటుగా ఉండగా తనే మళ్లీ కట్టించుకున్నాడట. దానికి కూతవేటు దూరంలో ఓక్ చెట్ల కింద సమాధి. 1973లో పోయాడు, 64 ఏళ్లకే. పొలంలోనే సొంత రన్‌వే, దాని పక్కన చిన్న జెట్ విమానం. ప్రెసిడెంటు పెద్ద విమానం ఎయిర్‌ఫోర్స్ వన్ ఇక్కడ దిగడం కుదరదు కాబట్టి దీన్ని 'అర ఎయిర్‌ఫోర్స్ వన్' అనేవాడట. మనిషి మామూలోడు కాదు, నీళ్లలో కూడా నడిచే కారు ఒకటి ఉండేది, చుట్టాల్ని ఎక్కించుకుని బ్రేకులు పోయాయని అరుస్తూ చెరువులోకి దింపేవాడు.

వచ్చేటప్పుడు జాన్సన్ సిటీలో ఆయన పెరిగిన ఇంటి దగ్గర ఆగాం. ఆ కాలంలో ఈ కొండప్రాంతంలో కరెంటు లేదు, ఆడవాళ్లు బావుల్లోంచి నీళ్లు తోడుకుని, పొయ్యి మీద కాచిన ఇనప పెట్టెలతో బట్టలు ఇస్త్రీ చేసుకునేవారు. 1937లో అమెరికా చట్టసభ కాంగ్రెస్‌కి గెలిచాక వెంటపడి మరీ 1939కల్లా కరెంటు తెప్పించాడు. నాకు ఆయన చేసిన వాటిలో అదే ఎక్కువ నచ్చింది. 1948లో సెనేట్ సీటుకి పార్టీ అభ్యర్థిని తేల్చే పోటీలో 87 ఓట్లతో గట్టెక్కిన కథ మాత్రం మన ఊళ్ల రిగ్గింగు కబుర్లకి ఏమాత్రం తీసిపోదు.

1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటుహక్కు చట్టం, ముసలివాళ్లకి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్. అదే చేత్తో వియత్నాంకి ఐదు లక్షల మంది సైనికుల్ని పంపాడు, చివరికి 1968లో మళ్లీ పోటీ చెయ్యనని తప్పుకున్నాడు. నాన్నకి కోపం వేరే. 1965, 66ల్లో వానలు లేక మనం కరువులో ఉంటే, వ్యవసాయం మార్చుకోండని ఒత్తిడి పెడుతూ, వియత్నాం యుద్ధాన్ని మనవాళ్లు తప్పుబట్టినందుకు ఉడుక్కుంటూ, గోధుమ ఓడల్ని కొద్దికొద్దిగా వదిలాడు ఈయన. "గింజలు చేతిలో పట్టుకుని లెక్కపెట్టి ఇస్తారా ఎవరైనా?" అన్నాడు నాన్న, మొన్నే జరిగినట్టు.

నేనేమో 1965 అక్టోబర్ 3 గురించి చెప్పాను. అంతకుముందు అమెరికాకి వలస రావడానికి ఇండియా కోటా ఏడాదికి 100 మంది. స్టాట్యూ ఆఫ్ లిబర్టీ దగ్గర ఈయన కొత్త వలస చట్టం మీద సంతకం పెట్టాకే మనవాళ్లకి తలుపు తెరుచుకుంది. ఇదేం విప్లవాత్మక బిల్లు కాదని ఆ రోజు ఆయనే అన్నాడు!

నాన్న కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు.

"ఆ సంతకం పెట్టకపోతే నువ్వెక్కడుండేవాడివి?"

"గుంటూర్లోనే, మీ దగ్గరే."

"ఊఁ. గోధుమలొకటే అనుకున్నా."