దిండు గలీబు నిండా చాక్లెట్లు

తొంభయ్యవ దశకంలో న్యూజెర్సీలోని ఎడిసన్‌లో పెరిగిన మాకు అక్టోబరు 31న వచ్చే హాలోవీన్, అంటే పిల్లలు దయ్యాల వేషాలు కట్టి ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడిగే రోజు, సంక్రాంతిని మించిన పండుగ. అప్పట్లో వేసవి కోసం గంట ముందుకు జరిపిన గడియారాలను అక్టోబరు చివరి ఆదివారమే గంట వెనక్కి తిప్పేవారు కనుక, బడి నుంచి వచ్చి వేషం కట్టేలోపే చీకటి పడేది. చలికి అమ్మ పైనుంచి కోటు తొడిగేయడంతో నేను డ్రాకులానో, మామూలు పిల్లవాడినో ఎవరికీ తెలిసేది కాదు. దిండు గలీబు పట్టుకొని, మిఠాయిలిస్తామన్న గుర్తుగా వాకిట్లో దీపం వెలుగుతున్న ఇళ్ల తలుపులే తట్టేవాళ్లం.

ఇంటికి చేరాక అసలు తతంగం మొదలయ్యేది. 1982లో షికాగో ప్రాంతంలో టైలినాల్ అనే నొప్పి మాత్రల్లో ఎవరో సైనైడ్ కలపగా ఏడుగురు మరణించినప్పటి నుంచి పిల్లలు తెచ్చిన మిఠాయిల విషయంలో అమెరికా తల్లిదండ్రుల భయం మరింత పెరిగింది. మా అమ్మ భయం వేరు: రేపర్ మీది సన్నని అక్షరాలను కళ్లద్దాలు పెట్టుకొని మరీ చదివి, జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ ఉన్న స్టార్‌బర్స్ట్, క్యాండీ కార్న్ వంటి మిఠాయిలన్నీ పక్కకు తీసేది. అలా పోయిన వాటాను ఎదురింటి పిల్లలకిచ్చి, బదులుగా రీసెస్ పీనట్ బటర్ కప్పులు రాబట్టేవాడిని. క్యాండీ కార్న్ పోయినందుకు మాత్రం ఎన్నడూ బాధపడలేదు. దానిని ఇష్టంగా తినే మనిషి నాకింతవరకు తారసపడలేదు.

2007 నుంచి గడియారాల మార్పు నవంబరు మొదటి ఆదివారానికి జరగడంతో, ఇప్పుడు మా పిల్లలు వెలుతురు ఉండగానే బయలుదేరుతున్నారు. దయ్యాలు పట్టపగలు తిరగడం నాకింకా మింగుడుపడటం లేదు.