కింది పెదవి మీద రెండు గుంటలు

మా పాపకు పుట్టుకతోనే గ్రహణం మొర్రి, అంగిలి చీలిక. "గ్రహణం పూట బయట తిరిగినవ్" అని నా భార్యను అన్నోళ్లున్నారు. ఆ మాట ఉత్తదే. గుర్తు నా కింది పెదవి మీదే ఉంది: నడుమకు అటొకటి ఇటొకటి ఆవగింజంత గుంటలు, అప్పుడప్పుడు తడి ఊరుతుంది. మా నాయినకూ అంతే.

ఇట్ల పెదవి గుంటలు, మొర్రి ఒకే వంశంలో వచ్చేదాన్ని వాన్ డర్ వుడ్ సిండ్రోమ్ అంటారు. ఎక్కువ కుటుంబాల్లో కారణం ఒకటో క్రోమోజోము మీది ఐఆర్‌ఎఫ్6 జన్యువులో మార్పు, 2002లో గుర్తించారు. ఆ జన్యువు రెండు కాపీల్లో ఒకటి దెబ్బతిన్నా చాలు, కాబట్టి తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి కాన్పులో బిడ్డకు వచ్చే అవకాశం సగం. మేనరికం చేసుకున్నా చేసుకోకున్నా అంతే. ఒకే ఇంట్లో ఒకరికి గుంటలే ఉంటాయి, ఇంకొకరికి పెదవి, మరొకరికి అంగిలి మాత్రమే చీలుతుంది. మొర్రితో బిడ్డ పుడితే ముందు తల్లిదండ్రుల కింది పెదవులు చూడాలి.

మొదటి కష్టం పాలది. అంగిలి మూసుకోక నోట్లో పీల్చే పట్టు రాదు; బిడ్డ రొమ్ము పట్టినట్టే ఉంటుంది, పాలు దిగవు. పిండిన తల్లిపాలను ఉగ్గుగిన్నెతో, బిడ్డను దాదాపు కూర్చోబెట్టి, చెంప పక్కనుంచి కొద్దికొద్దిగా పోయాలి. నడుమ నడుమ తేన్పు తీయించాలి. ముక్కులోంచి కొంచెం పాలు రావడం మామూలే. పొలమారితే, పెదాలు నీలమైతే ఆపాలి. పూటకు అరగంట దాటనీయొద్దు, తాగిన బలం అలసటకే పోతుంది. బరువు వారం వారం తూపించాలి.

పెదవి ఆపరేషన్ మూడు నెలలప్పుడు. పాత లెక్క ప్రకారం 10 వారాల వయసు, నాలుగున్నర కిలోల బరువు, 10 గ్రాముల హిమోగ్లోబిన్ ఉండాలి. అంగిలిది సాధారణంగా 9 నుంచి 18 నెలల మధ్య. ఖర్చుకు భయపడి ఆగొద్దు, పిల్లలకు ఉచితంగా వైద్యం చేయించే ప్రభుత్వ పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో మొర్రి కూడా ఉంది. ఆశా కార్యకర్తను అడగాలి.

అంగిలి కుట్టినంక రెండు మూడు వారాలు గంజి, పలుచని జావే. చెంచా, వేలు నోట్లోకి పోనీయొద్దు, మోచేతులు వంగకుండా కట్లు కడతారు. తాగిన ప్రతిసారీ కొన్ని నీళ్లు పట్టాలి. కుట్లు విడితే అక్కడ రంధ్రం మిగిలి పాలు మళ్లీ ముక్కులోకి వస్తాయి.

చెవిని చాలామంది మరిచిపోతారు. చెవిని గొంతు వెనకతో కలిపే గొట్టాన్ని తెరిచే కండరం అంగిలిలోదే. అది సరిగా పనిచేయక కర్ణభేరి వెనక నీరు నిలుస్తుంది. నొప్పి ఉండదు, వినికిడి మాత్రం తగ్గుతుంది. అందుకే ఏ ఇబ్బందీ కనబడకున్నా పరీక్ష చేయించాలి.

మాటలు వచ్చినంక ముక్కు కింద చిన్న అద్దం పెట్టి "పాప" అనిపించండి. "అమ్మ" అంటే అద్దం మసకబారుతుంది, అది సహజం. "పాప" అన్నప్పుడూ మసకబారుతుంటే గాలి ముక్కులోంచి పోతోందన్నట్టు. స్పీచ్ థెరపిస్టుకు చూపించాలి.