సూది కోసం పోయి మూడు డబ్బాలతో వచ్చా

చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ పని నాది. రూములో ఐదుగురం. రాత్రి మాత్ర వేసుకోవాలంటే డబ్బా గలగలమంటుంది, అందుకే లోపల దూది కుక్కి పెడతా. అవి హెచ్‌ఐవీ మాత్రలు, రూములో షుగర్ మాత్రలని చెప్పా. అప్పట్నుంచీ నా టీలో చక్కెర వేయరు, అదో బాధ.

తొమ్మిదేళ్లలో ఒక్క రోజు తప్పలేదు. మొదట్లో ఇచ్చిన మందుకి తల తిరిగేది, పిచ్చి కలలు వచ్చేవి. అయినా మానలేదు. నాలా ఎంతమంది ఉంటారో చెప్పండి!

కబోటెగ్రావిర్, రిల్పివిరిన్ అని రెండు సూదులున్నాయి, రెండు పిరుదులకీ చెరొకటి, రెండు నెలలకోసారి వేయించుకుంటే రోజూ మాత్ర అక్కర్లేదని చదివా. వైరస్ అదుపులో ఉండి, హెపటైటిస్ బి అనే కాలేయం జబ్బు లేనివాళ్లు వీటికి మారొచ్చని 2025 జూలైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది. సరే, హెపటైటిస్ బి టెస్టు చేయించి, ఆ రిపోర్టు చేతిలో పెట్టుకునే నాకు ఉచితంగా మందులిచ్చే సెంటర్లో అడుగుదామని ఒంగోలులో ఒక ల్యాబుకి పోయా.

కౌంటర్లో అమ్మాయి పాత జబ్బులేమైనా ఉన్నాయా అంది. మెల్లగా చెప్పా. ఆమె కుర్చీలోంచి లేచి, లోపలికి ఒక్క కేక పెట్టింది: "అన్నా, హెచ్‌ఐవీ ఆయన వచ్చాడు, రక్తం నువ్వే తీస్తావా?"

హాల్లో తలకాయలన్నీ నావైపు తిరిగాయి. పక్కన కూర్చున్న పెద్దామె కాళ్ల దగ్గరున్న సంచీ తీసి ఒళ్లో పెట్టుకుంది. ఎదురు బల్ల మీద మా వీధికి పాలు పోసే ఆయన. నన్ను చూసి, గబుక్కున ఫోన్లోకి చూశాడు. అందరూ అయ్యాక తీస్తామన్నారు. మూడు గంటలు కూర్చున్నా. లేచి పోదామంటే కాళ్లు రాలేదు. చివరికి వచ్చినాయన ఒకదాని మీద ఒకటి రెండు గ్లౌజులు తొడిగాడు.

ఒప్పుకోకుండా ఒకరి జబ్బు సంగతి బయటపెట్టకూడదని 2017 హెచ్‌ఐవీ చట్టం ఉందన్నా. మేనేజరు నవ్వి, "చట్టాలు మాకు చెప్పొద్దు, బిల్లు కట్టండి" అన్నాడు. కట్టా. అదే నా చేతకానితనం. మీరు మాత్రం ముందు హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేసి కనుక్కోండి, నాలాగా ఎగేసుకుని ప్రైవేటు ల్యాబుకి పోవద్దు.

హెపటైటిస్ బి లేదు. సెంటర్లో కౌన్సెలర్ మేడం ఆ కాగితం చూసి, "మనకొచ్చే ఉచిత మందుల్లో ఆ సూది లేదయ్యా" అంది. అడిగినందుకు విసుక్కోలేదు, కూర్చోబెట్టి చెప్పింది. ఇప్పటి మాత్రలో ఉన్న టెనోఫోవిర్, లామివుడిన్ హెపటైటిస్ బి వైరస్‌నీ అణుస్తాయట, సూదుల్లో అవి ఉండవట. అందుకే ఆ టెస్టు. సూది తేదీ దాటేసి ఊరికే ఉంటే వైరస్ మందుకి లొంగకుండా పోవచ్చంది. రూములో అందరూ చూస్తున్నారమ్మా అంటే, నెలనెలా తిరగకుండా మూడు నెలలకి రాసిచ్చింది.

మూడు డబ్బాలూ ఒకదానికొకటి తగలకుండా తువ్వాల్లో చుట్టి బస్సెక్కా. పాలాయన ఇంకా ఎవరికీ చెప్పినట్టు లేడు.