అంబాసిడర్ రన్నింగ్ బోర్డు: వెల్డ్ చుక్కలు విప్పిన పద్ధతి

మా నాయన 1986లో కొన్న అంబాసిడర్ మిర్యాలగూడ దగ్గరి మా ఊళ్లో, సాగర్ ఎడమ కాలువ కింది వరి పొలాల పక్కనున్న కొట్టంలో చాలా ఏళ్లు కదలకుండా ఉండిపోయింది. మొన్నటి చలికాలంలో దాన్ని నల్లగొండకు తెచ్చి పని మొదలుపెట్టాను. బయటి నుంచి చూస్తే రంగు వెలిసిందే తప్ప బండి గట్టిగానే ఉందనిపించింది. కానీ డోర్ల కింద ముందు చక్రం నుంచి వెనుక చక్రం దాకా సాగే రేకు పెట్టెను, షెడ్లలో రన్నింగ్ బోర్డు అనే భాగాన్ని, స్క్రూడ్రైవరుతో పొడిచి చూస్తే మొన తేలిగ్గా లోపలికి దిగిపోయింది. పెట్టె అడుగున నీళ్లు కారిపోవడానికి ఉన్న రంధ్రాలను పొలాల బురద మూసేసింది. లోపలే నిలిచిన చెమ్మ రేకును లోపలి నుంచే తినేసింది.

లారీకి ఉన్నట్టు అంబాసిడర్‌కు విడిగా ఛాసిస్, అంటే కింది ఇనుప చట్రం, ఉండదు. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నమూనా నుంచి వచ్చిన ఈ బండిలో బాడీయే బరువంతా మోస్తుంది, అందులో పెద్ద వాటా ఈ పెట్టెలదే. అందుకే ఈ పెట్టె రేకులను కలిపి ఉంచే స్పాట్ వెల్డ్ చుక్కల్లో ఒక్కటి కూడా విప్పకముందే బండిని సమంగా స్టాండ్ల మీద నిలిపి, డోర్ల ఖాళీలలో ఇనుప పైపులను అడ్డంగా, ఐమూలగా తాత్కాలికంగా అతికించి, మూల నుంచి మూలకు కొలతలు రాసుకున్నాం. ఈ ఒక్క రోజు పని మానుకుంటే బాడీ కుంగి, కొత్త రేకు పడ్డాక డోర్లు మూసుకోవు. బ్యాటరీ తీగ విప్పడం, పెట్రోలు ట్యాంకు దించడం కూడా ఆ రోజే చేశాం.

స్పాట్ వెల్డ్ అంటే రెండు రేకులను రెండు రాగి కడ్డీల మధ్య గట్టిగా నొక్కి, సెకనులో కొంత భాగం సేపు పెద్ద కరెంటు పంపడం. రేకులు ఆనుకునే చోట నిరోధం వల్ల వేడి పుట్టి, లోహం కరిగి, సుమారు 5 నుంచి 6 మిల్లీమీటర్ల బిళ్లగా గడ్డకడుతుంది. ఆ బిళ్ల రెండు రేకులకూ చెందుతుంది కాబట్టి, దాన్ని పై రేకు మందం మేరకే తొలిచి, కింది రేకును చెక్కుచెదరకుండా వదలాలి. కష్టమంతా అక్కడే ఉంది. మా బండి కుడివైపున ఎప్పుడో ఒక షెడ్డులో ఉలి పెట్టి చీల్చిన గుర్తులున్నాయి. లోపలి అంచు చినిగిపోతే దాని మీద అతుకు, అతుకు మీద లప్పం పెట్టి కప్పేశారు. అది చూసి నాకు నిజంగా బాధ కలిగింది.

నాతో పనిచేసిన టింకరింగ్ మేస్త్రీని అందరూ చాచా అంటారు. మొదటి రోజే ఆయన, "పై రేకు ఎట్లాగూ పోయేదే బేటా, దాన్ని ఎంత ఖరాబ్ చేసినా ఫరక్ పడదు. కింది రేకు మీద గీత పడొద్దు" అన్నాడు.

చుక్కలను వెతకడానికే ఎక్కువ సమయం పట్టింది. అడుగున గట్టిపడిన తారు పూతను గీకి, గ్రైండరుకు వైర్ బ్రష్ బిగించి రంగు తీశాక కొన్ని చిన్న గుంటల్లా కనిపించాయి. కనిపించని చోట చెక్క ముక్కకు ఎమెరీ కాగితం చుట్టి తేలికగా రుద్దాం; చుట్టూ రేకు మెరిసినా గుంటలో రంగు మిగిలి చుక్క బయటపడింది. ఒక్కోదానికి సుద్దముక్కతో సున్నా చుట్టి, సరిగ్గా నడుమ సెంటర్ పంచ్‌తో గుర్తు పెట్టి, 3 మిల్లీమీటర్ల బిట్‌తో చిన్న రంధ్రం వేసి, ఆ తర్వాతే 8 మిల్లీమీటర్ల స్పాట్ వెల్డ్ కట్టర్ పెట్టాం. డ్రిల్లును నెమ్మదిగా తిప్పుతూ, మధ్యమధ్య నూనె చుక్క వేస్తూ పోవాలి. తొందరపడితే కట్టర్ పళ్లు విరుగుతాయి. పై రేకు తెగిన క్షణాన రేకుల మధ్య పేరుకున్న తుప్పు గోధుమరంగు పొడిగా బయటికి వస్తుంది. ఆ పొడి కనిపించగానే ఆపాలి. మూడు రేకులు కలిసే చోట్ల ఈ గుర్తు రెండుసార్లు వస్తుంది కాబట్టి, ఎక్కడ ఆగాలో ముందే తెలుసుకొని ఉండాలి.

చుక్కలన్నీ తెగాక పలుచని ఉలిని రేకుల సందులోకి పక్క నుంచి జొనిపి మెల్లగా తట్టాం. ఎక్కడైనా బిగిసి ఉంటే అక్కడ మాకు కనిపించని చుక్క ఉందని అర్థం. బలం పెంచకుండా ఆగి, దాన్ని వెతికి తొలిచాం. ఎడమవైపు అలా పదకొండు చుక్కలు దొరికాయి. పాత రేకు ఊడిన తర్వాత కింది అంచు మీద మిగిలిన మొటిమలను గ్రైండరుకు బిగించే ఎమెరీ బిళ్లతో (ఫ్లాప్ డిస్క్) సమం చేసి, వంగిన చోట్ల వెనుక ఆనుగా ఇనుప దిమ్మ (డాలీ) పెట్టి సుత్తితో సరిచేసి, జింక్ ప్రైమర్ పూశాం. పాత చుక్కలున్న ఎడంలోనే కొత్త రేకుకు 8 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి, క్లాంపులతో బిగించి, డోర్లు మూసి సందులు చూసుకొని, తీగను కరిగిస్తూ అతికించే మిగ్ వెల్డింగ్‌తో ఒక్కో రంధ్రాన్ని పూడ్చాం. వేడికి రేకు ముడుచుకోకుండా వరుసగా కాక, ఒక కొస తర్వాత మరో కొసన వేస్తూ వచ్చాం.

ఐమూల పైపులు కోసేశాక ఎడమ ముందు డోరు ఒక్క వేలి తోపుకే మూసుకుంది. పెట్టెలోపల మైనం పిచికారీ చేసి, అడుగు రంధ్రాల్లోంచి తీగ దూర్చి అవి తెరిచే ఉన్నాయని చూసుకున్నాను. ఇక కుడివైపున, ఆ పాత అతుకుల కింద చినిగిపోయిన అంచుకు ముందుగా కొత్త రేకు పట్టీ తయారుచేయాలి.