రంభ నుంచి సాతపడా దాకా, దక్షిణగాలి మీద

మా ఆయన పుట్టింది గోపాల్‌పూర్‌లో, ఒడియావాళ్ళు నోలియాలు అని పిలిచే మన తెలుగు మత్స్యకారుల ఇంట్లో. మా మావయ్యగారు తెప్ప మీద వేటకి వెళ్ళేవారు. ఆయన తాత అదే రేవులో మసూలా పడవెక్కి, దూరంగా ఆగిన స్టీమరు అందుకుని రంగం (రంగూన్) పోయాడట, మళ్ళీ రాలేదు. మా ఆయన మాత్రం ముప్పై నాలుగేళ్ళు రైలు పట్టాల మీదే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. రిటైరైన మూడో నెలలో బరంపురంలో మా ఇంటి ముందు ఒక మినీ లారీ ఆగింది. అందులో 18 అడుగుల పాత ఫైబర్ పడవ.

"తెరచాప కట్టి చిలికా సరస్సు దాటుదాం, మనిద్దరమే" అన్నారు.

మోటారు ఎందుకు వద్దని నేను అడగలేదు. "బాత్రూం సంగతేంటండీ?" అని అడిగాను. దానికి ఆయన దగ్గర జవాబు లేదు. చివరికి ఒక మూత ఉన్న బకెట్టు, నా పాత చీర అడ్డం. నాలుగు రోజులూ అదే ఏర్పాటు. ఇలాంటి ప్రయాణాల గురించి చెప్పే మగవాళ్ళు ఈ విషయం ఎప్పుడూ ఎత్తరు కాబట్టి నేను ముందే చెప్పేస్తున్నాను.

2017లో ఆరుగురు నేవీ అమ్మాయిలు తారిణి అనే తెరచాప పడవలో గోవా నుంచి బయల్దేరి, మరుసటి ఏడాది మే నెలకి భూమి చుట్టి వచ్చారు. వాళ్ళలో విశాఖ అమ్మాయి స్వాతి కూడా ఉంది. ఆ పేపరు కటింగు ఈయన బీరువాలో దాచుకున్నారు. "వాళ్ళది 56 అడుగుల పడవ, మనది 18" అన్నాను. "వాళ్ళు తిరిగింది భూగోళం, మనం తిరిగేది చిలికా" అన్నారు. లెక్క సరిగ్గానే ఉందనిపించింది.

సముద్రం మీద ఎందుకు వెళ్ళలేదని చాలామంది అడిగారు. మా తీరంలో అలలు ఒడ్డు దగ్గరే విరుగుతాయి. మేకులు లేకుండా పలకల్ని తాళ్ళతో కుట్టిన పాత మసూలా పడవైతే ఆ దెబ్బకి కాస్త వంగి తట్టుకునేది. మా ఫైబర్ పడవ వంగదు. పైగా నాకు ఈత అంతంత మాత్రం. చిలికా అయితే చాలాచోట్ల మనిషి లోతు కూడా ఉండదు. లోతు తక్కువైతే భయం తక్కువని అప్పట్లో నా నమ్మకం.

అసలు పేచీ అంతా ఎప్పుడు వెళ్ళాలన్న దగ్గరే వచ్చింది. డిసెంబరు, జనవరిలో వెళ్ళండి, పక్షులు చూడొచ్చు అని అందరి సలహా. కానీ మేం బయల్దేరే రంభ ఊరు సరస్సుకి నైరుతి మూల ఉంది, చేరాల్సిన సాతపడా ఈశాన్యం వైపు. చలికాలంలో గాలి ఉత్తరం నుంచి వీస్తుంది, అంటే దారంతా ఎదురుగాలి. ఫిబ్రవరి ఆఖరుకి గాలి దక్షిణం నుంచి వీయడం మొదలై, మార్చిలో బలపడుతుంది. అప్పుడు బయల్దేరితే వీపు మీద చెయ్యి వేసి తోసినట్టు తీసుకెళ్తుంది. ఇంకా ఆగి ఏప్రిల్‌లోకి వెళ్తే కాలబైశాఖి గాలివానలు జోరందుకుంటాయి. అవి చెప్పి రావు. కాబట్టి మా చేతిలో ఉన్నది మూడు, నాలుగు వారాలు. పక్షులు కావాలా, గాలి కావాలా అంటే ఈయన గాలే అన్నారు. నేను రెండ్రోజులు మాట్లాడలేదు.

చాప కుట్టింది బరంపురంలో షామియానాలు కుట్టే టైలరు. గాలి ఎక్కువైతే కింద నుంచి మడిచి కట్టడానికి రెండు వరసల నాడాలు పెట్టమంటే, "పెళ్ళి పందిరికి ఇవెందుకు మేడం?" అన్నాడు. రంభలో మొదటిసారి చాప ఎత్తినప్పుడు పడవ ముందుకి పోకుండా పీతలాగా పక్కకి జారింది. గాలివాటం అన్న మాట చిన్నప్పటి నుంచీ వాడుతున్నాను కానీ, దాని అర్థం ఆ రోజు తెలిసింది. తర్వాత వడ్రంగి చేత రెండు టేకు పలకలు చేయించి, పడవకి అటూ ఇటూ ఒక్కో బోల్టు మీద తిరిగేలా బిగించాం. తాడు వదిలితే పలక నీళ్ళలోకి దిగుతుంది, పడవ పక్కకి జారకుండా పట్టుకుంటుంది. లాగితే పైకి వస్తుంది.

పర్మిషన్ కోసం ఒక ఆఫీసుకి మూడుసార్లు తిరిగాం. "మోటారు ఎన్ని హార్స్‌పవర్?" "మోటారు లేదండీ." "మరి బోటెలా అవుతుంది?" మూడోసారి ఒక పెద్దాయన నవ్వి, లైఫ్ జాకెట్లు వేసుకోండి, నలబన పక్షుల అభయారణ్యంలోకి వెళ్ళొద్దు, రాత్రి ఎక్కడ ఆగితే అక్కడ ఎవరికైనా చెప్పండి అని పంపించాడు.

మొదటి రోజు సుఖంగా గడిచింది. రంభ నుంచి తెల్లవారుజామున బయల్దేరి, ఖల్లికోట రాజుల బంగళా శిథిలాలున్న బ్రేక్‌ఫాస్ట్ ద్వీపం పక్కన చద్దన్నం, ఆవకాయ తిన్నాం. సరస్సు నీళ్ళు ఉప్పన, అందుకని 40 లీటర్ల మంచినీళ్ళు మోసుకెళ్ళాం. రాత్రి బర్కుల్ దాకా పోలేక, ఒక ద్వీపం చాటున లంగరు వేశాం. దోమలు మాత్రం ఎదురుగాలిలో కూడా వచ్చాయి.

రెండో రోజు కాళీజాయి అమ్మవారికి కొబ్బరికాయ కొట్టాం. అత్తారింటికి పడవలో పోతూ తుఫానులో మునిగిపోయిన జాయి అనే పిల్ల కథ అది. ఇక్కడి పడవవాళ్ళెవరూ ఆమెకి దణ్ణం పెట్టకుండా కదలరు. మేమూ పెట్టాం. అయినా మధ్యాహ్నం పనైంది.

రెండు దాటాక గాలి బిగిసింది. వెనకగాలి కాబట్టి పలకలు పైకి లాగేసి, చాప పూర్తిగా తెరిచి పోతున్నాం. పడవ కింద నీటి చప్పుడు సలసలా కాగే ఎసరులా ఉంది. ఎదురుగా వెదురు కర్రలు వరసగా కనిపించాయి. కర్రలున్నాయంటే వల ఉన్నట్టే, రొయ్యల కోసం వలతో చుట్టిన ఘేరీ. ఈయన చుక్కాని తిప్పేలోపే అది వలలో చిక్కుకుంది. పడవ గిర్రున తిరిగింది, గాలి చాప అవతలి వైపు పట్టింది, చాప కింది అడ్డకర్ర నా తల మీదుగా విసురుగా దాటి అటు పక్క తాళ్ళకి ఠపామని కొట్టుకుంది. నేను వంగాను. కళ్ళజోడు వంగలేదు, చిలికాలో పడింది.

"చాప దించు!" అని ఈయన అరుపు. తాడు తడిసి ముడి ఊడడం లేదు. గోళ్ళతో లాగి, పళ్ళతో కొరికి విప్పాను. ఉప్పు రుచి ఇప్పటికీ నోట్లో ఉంది. ఈయన నీళ్ళలోకి దూకారు. చుట్టూ ఎటు చూసినా ఒడ్డు కనపడని సరస్సు, మధ్యలో మా ఆయన నడుం లోతు నీళ్ళలో నిలబడి, మోకాళ్ళ దాకా బురదలో దిగబడి, నన్ను తిడుతున్నారు. లోతు తక్కువైతే భయం తక్కువ అన్న నా నమ్మకం అక్కడితో పోయింది. లోతున్న చోట ఇలా కర్రలు పాతిన వలలుండవు, బురదా అడ్డం రాదు.

కోసేద్దామా అంటే, "ఒకడి కూడు కోస్తావా?" అన్నారు. చుక్కానిని మేకుల మీంచి పైకి లేపి ఊడదీసి, గంటసేపు వల కళ్ళు ఒక్కొక్కటే విడిపించారు. ఈలోగా వల యజమాని పడవలో వచ్చి ఒడియాలో తిట్టడం మొదలుపెట్టాడు. నన్ను చూసి తగ్గాడు. "మౌసీని ఎందుకు తెచ్చావయ్యా?" అని ఈయన్ని అడిగాడు. చిరిగిన చోటికి 500 తీసుకుని, ఘేరీ లేని దారి కర్రతో చూపించాడు. అక్కడి నుంచి చాప ఒక వరస మడిచి కట్టి, నేను ముందు కూర్చుని కర్రలు చూస్తూ వెళ్ళాం. కళ్ళజోడు లేకుండా.

నలబనకి దూరంగా తిరిగి వెళ్ళాం. వలస పక్షులు అప్పటికే చాలావరకు వెళ్ళిపోయాయి. ఆ మాట నేను అనలేదు, ఆయనా ఎత్తలేదు.

నాలుగో రోజు పొద్దున్న సాతపడా దగ్గర గాలి పడిపోయింది. పడవ కదలకుండా నిలబడింది. పక్కనే ఎవరో గట్టిగా నిట్టూర్చినట్టు "ఫూ" అని వినిపించింది. తిరిగి చూస్తే బూడిదరంగు గుండ్రటి తల, మూతి పొడుగు లేని ఇరావడీ డాల్ఫిన్. దూరంగా టూరిస్టుల మోటారు పడవలు వేరే డాల్ఫిన్ల వెంట పడుతున్నాయి. ఇది మా పడవ చుట్టూ రెండుసార్లు తిరిగి పోయింది. ఫోను సంచీలో అడుగున ఉండిపోయింది.

సాతపడా రేవులో పడవ చూసి ఒకాయన తెలుగులో పలకరించాడు. పూరీ పెంటకోట ఆయనట. "వెనక్కి ఎలా ఎళ్తారు? ఇప్పుడంతా ఎదురుగాలే గదా" అన్నాడు. ఈ సంగతి మా ఆయన ముందే ఆలోచించుకున్నారు, నాకే చెప్పలేదు. ఉత్తరగాలి వచ్చేదాకా పడవ ఇక్కడే. అక్టోబరులో మాత్రం తియ్యరు, 2013 అక్టోబరు 12న ఫైలిన్ మా గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, అది ఆయన మర్చిపోలేదు. నవంబరు ఆఖర్లో వచ్చి, ఆ గాలి మీద రంభకి. నెలకి ఇంత అని ఆ పెంటకోటాయనతో మాట్లాడుకుని, పడవ ఒడ్డుకి లాగి బోర్లించారు.

ఎవరూ తోలుకుపోకుండా చుక్కాని ఊడదీసి దుప్పట్లో చుట్టాం. పూరీ బస్సులో అది మా ఇద్దరి మోకాళ్ళ మీదా అడ్డంగా ఉంది. కండక్టరు వచ్చి దుప్పటి కొంచెం తొలగించి చూసి, లగేజీ టిక్కెట్టు అడిగాడు.